నాలుగో పరీక్ష: ఒక రేంజ్‌ఫైండర్ కెమెరా కేసు

నెల్లూరు ట్రంకు రోడ్డుకు దగ్గరలో ఒక సందులో నేను కెమెరాలు బాగుచేస్తాను. వచ్చేవాటిలో ఎక్కువ డిజిటల్ కెమెరాలే. సముద్రపు గాలికి బూజు పట్టిన లెన్సులు, పెళ్లి పందిట్లో కిందపడి మౌంటు వంగినవి వస్తుంటాయి. ఫిల్ము వేసే రేంజ్‌ఫైండర్లు ఏడాదికి మూడో నాలుగో వస్తే గొప్ప. వాటిలో ఒకదాని గురించి వివరంగా రాసి పెడుతున్నాను. ఇందులో నేను మొదట చేసిన పని కొలతల ప్రకారం సరైనదే. అయినా దానివల్ల ఒక మనిషికి తిరిగి తీయలేని ఫొటో పోయింది. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ను గుర్తుపట్టగల వివరాలు తీసేశాను.

కెమెరా, దాని యజమాని

ఆయనది ప్రకాశం జిల్లా తీరప్రాంతం. పెళ్లిళ్లు డిజిటల్‌లో తీస్తారు, జీవనం దానిమీదే. సొంత తృప్తికి మాత్రం బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము వేసి చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్ల ముఖాలు తీస్తారు. వసారాలో కూర్చోబెట్టి, పక్కనుంచి పడే వెలుగులో, మీటరు దూరం నుంచి తీస్తారు. ఫ్లాష్ వాడరు. ఆ వెలుగుకు లెన్సు పూర్తిగా తెరవక తప్పదు.

కెమెరా 0.72 మాగ్నిఫికేషన్ ఉన్న లైకా ఎం బాడీ. అంటే కిటికీలో బొమ్మ అసలు పరిమాణంలో 0.72 వంతుగా కనిపిస్తుంది. లెన్సులు రెండు. ఒకటి 50 మి.మీ. ఎఫ్ 2 సమ్మిక్రాన్ (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది). రెండోది 50 మి.మీ. ఎఫ్ 1.5 జూపిటర్-3. ఇది సోవియట్ దేశంలో తయారైన స్క్రూ లెన్సు, అడాప్టరుతో ఎం బాడీకి ఎక్కుతుంది. దీని మూలం జైస్ వారి సోనార్. 1930లలో లుడ్విగ్ బెర్టెలె కాంటాక్స్ కెమెరా కోసం రూపొందించిన లెన్సు అది. ఈ పుట్టుపూర్వోత్తరాలు తర్వాత అక్కరకు వస్తాయి.

ఎస్‌ఎల్‌ఆర్‌లో, అంటే లోపల అద్దం ఉన్న కెమెరాలో, లెన్సు చూపిన బొమ్మనే మనమూ చూస్తాం. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు. కెమెరా పైన ఉన్న రెండు కిటికీలు ఒకే వస్తువును రెండు చోట్ల నుంచి చూస్తాయి, ఆ రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి కూర్చున్నప్పుడు ఫోకస్ కుదిరిందని అనుకుంటాం. లెన్సు వెనక అంచు, అంటే కామ్, బాడీలోని ఒక చిన్న రోలర్‌ను నెడుతుంది. ఆ రోలర్ చేయి కిటికీల మధ్య కోణాన్ని మారుస్తుంది. అంటే లెన్సు నిజంగా ఎక్కడ ఫోకస్ అయిందో కంటికి తెలియదు. రోలర్ చెప్పినదే తెలుస్తుంది. రోలర్ ఒక లెక్క, లెన్సు మరో లెక్క నమ్మితే కన్ను ఎంత చురుకైనా లాభం లేదు.

వచ్చిన ఫిర్యాదు

"అన్నా, సమ్మిక్రాన్ చెడిపోయింది. జూపిటర్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది" అన్నారు ఆయన వస్తూనే. బల్లమీద ఐదు ప్రింట్లు పేర్చారు. సమ్మిక్రాన్‌తో తీసిన ఒక అవ్వ ముఖంలో ముక్కుపుడక రాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు, కనుపాపలు మాత్రం మసక. ఫోకస్ పెట్టింది కంటిమీదే. జూపిటర్ ప్రింట్లలో కళ్లు పదునుగా ఉన్నాయి. దూరపు దృశ్యాలు రెండు లెన్సులతోనూ బాగానే వచ్చాయి.

ముందు ఆయన కన్ను సంగతి తేల్చుకోవాలి. ఫోకస్ తప్పులు రెండు రకాలు. ఒకసారి ముందు, ఒకసారి వెనక పడితే చేతిదో కంటిదో లోపం. ప్రతిసారీ ఒకే వైపు, ఒకే కొలతతో పడితే యంత్రం సర్దుబాటులో లోపం. ఈ రెండింటినీ కలిపి చూస్తే ఎక్కడికీ పోము.

నా పరీక్ష సాధనం తొమ్మిది అగ్గిపెట్టెలు. మెట్లలా పక్కపక్కన పెట్టి, ఒక్కోదాన్ని ఒక సెంటీమీటరు వెనక్కి జరుపుతాను. ఐదో పెట్టెమీద ఫోకస్, మీటరు దూరం. ఆయన చేతే సమ్మిక్రాన్‌తో పదిసార్లు ఫోకస్ చేయించాను. ప్రతిసారీ షట్టర్‌ను తెరిచి ఉంచి, ఫిల్ము పట్టాల మీద గరుకుటద్దం పెట్టి భూతద్దంతో చూశాను. పదిసార్లూ పదును రెండో పెట్టె మీదే, మహా అయితే ఒక పెట్టె అటూఇటూ. మూడు సెంటీమీటర్లు ముందుకు. గురి చెదరడం లేదు, గురే పక్కకు జరిగి ఉంది.

ఆయన కన్ను మంచిదని లెక్క కూడా చెబుతుంది. ఈ బాడీలో కిటికీల మధ్య దూరం 69.25 మి.మీ., దాన్ని 0.72తో గుణిస్తే దాదాపు 50. మామూలు కన్ను ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు) తేడాను పట్టుకోగలదనుకుంటే, మీటరు దూరంలో ఆరు మిల్లీమీటర్ల పొరపాటు వస్తుంది. ఎఫ్ 1.5 దగ్గర 50 మి.మీ. లెన్సుకు అదే దూరంలో డెప్త్, అంటే పదునుగా కనిపించే మేర, అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. కన్ను చేసే తప్పు అందులో సులభంగా ఇమిడిపోతుంది. దూరం పెరిగితే కంటి పొరపాటు దూరం వర్గంతో పెరుగుతుంది, డెప్త్ కూడా అలాగే పెరుగుతుంది. కాబట్టి మీటరు దగ్గర సరిపోయిన బాడీ మూడు మీటర్ల దగ్గరా సరిపోతుంది. ఫాస్ట్ లెన్సుకు, అంటే బాగా తెరుచుకునే లెన్సుకు, రేంజ్‌ఫైండర్ పనికిరాదని తేల్చేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. సర్దుబాటు సరిగ్గా ఉంటే పనికొస్తుంది.

మొదటి మరమ్మతు

సమ్మిక్రాన్‌ను నా సొంత బాడీకి ఎక్కించాను. పదును ఐదో పెట్టెమీద పడింది. అంటే లెన్సు మంచిదే, ఆయన బాడీ తప్పు. జూపిటర్‌ను ఆయన బాడీమీదే చూశాను. ఐదో పెట్టె. ఆయన చెప్పినట్టే ఉంది.

లెన్సు తీసి లోపల చూస్తే, రోలర్ చేతి పొడవును మార్చే స్క్రూ గాడిలో కొత్త గీత మెరుస్తోంది. ఎవరో తిప్పారని అర్థమైంది. ఎందుకు తిప్పారో అడగలేదు. దగ్గరి దూరాల లెక్కను శాసించేది ఆ స్క్రూయే. రోలర్ మీదే ఉండే మరో సర్దుబాటు అనంతానిది, అంటే ఎంతో దూరపు వస్తువులది. ఈ కేసులో అనంతం సరిగ్గా ఉంది, దగ్గర మాత్రమే తప్పింది. రిపేరు చేసేవాళ్లు చాలామంది దూరంగా ఉన్న టవరునో గోపురాన్నో చూసి, బొమ్మలు కలిస్తే బాగుందని ఇచ్చేస్తారు. ఆ పరీక్షకు ఈ తప్పు దొరకదు.

లెన్సు కూర్చునే మౌంటు నాలుగు వైపులా సమానంగా ఉందా అని కొలిచాను. మౌంటు నుంచి ఫిల్ముదాకా ఎం బాడీకి ఉండాల్సిన 27.80 మి.మీ. లెక్కలో తేడా లేదు. ఇక స్క్రూను మెల్లగా తిప్పి, సమ్మిక్రాన్ పదును ఐదో పెట్టెమీదికి తెచ్చాను. అనంతం మళ్లీ చూశాను, కుదిరింది. కెమెరా ఇచ్చి పంపాను. ప్రామాణికానికి తెచ్చానని తృప్తిగా ఉంది.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. "బాగున్నదాన్ని పాడుచేశారన్నా."

జూపిటర్‌తో తీసిన ఫొటో పంపారు. తొంభై దాటిన ఒక అవ్వ. కణతమీది తెల్లవెంట్రుకలు పోగు పోగుగా విడివిడిగా కనిపిస్తున్నాయి. కళ్లు పొగమంచులో ఉన్నాయి. ఫొటో తీసిన నాలుగు రోజులకు ఆమె మంచం పట్టారు. మళ్లీ వసారాలోకి తెచ్చి కూర్చోబెట్టే వీలు లేకపోయింది. ఆ ప్రింటు ఒకటి ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

నేను చేయని పరీక్ష

రెండు బాడీలు, రెండు లెన్సులు. జతలు నాలుగు. నేను మూడే చూశాను. జూపిటర్‌ను నా బాడీమీద చూడలేదు. బాగుందని ఆయన చెప్పారు, ప్రింట్లూ అదే చెప్పాయి, ఇక చూడాల్సిన పని లేదనుకున్నాను. కెమెరా తిరిగి రాగానే ఆ నాలుగో పరీక్ష చేశాను. పదును ఎనిమిదో పెట్టెమీద పడింది. సరిగ్గా మూడు సెంటీమీటర్లు వెనక్కి.

అప్పుడు అడిగాను, ఇంతకుముందు ఎవరైనా విప్పారా అని. ఎనిమిది నెలల కిందట వేరే ఊళ్లో ఒక మెకానిక్‌కు చూపించానన్నారు. అప్పట్లో ఫిర్యాదు జూపిటర్ గురించే. దగ్గరి ముఖాల్లో కళ్లు మసకగా వస్తున్నాయని ఇస్తే, ఆ మెకానిక్ బాడీని ఆ లెన్సుకు తగ్గట్టు సర్దారు. ఆ తర్వాత సమ్మిక్రాన్ 'చెడిపోయింది'. బాగుందనుకున్న లెన్సే వేరే దారిలో ఉంది. చెడిందనుకున్నది నిజం చెబుతోంది.

ఆ మెకానిక్ తప్పు చేశారని నేను అనను. ఒకే లెన్సు వాడేవారికి బాడీని ఆ లెన్సుకు కట్టేయడం కన్నా మంచి పరిష్కారం లేదు. ఆ సంగతి యజమానికి చెప్పి, ఒక చీటీమీద రాసి ఇచ్చి ఉంటే ఈ కేసే పుట్టేది కాదు. నేనూ అడగలేదు కనుక ఇద్దరం సమానులమే.

ఎందుకు తేడా వచ్చింది

లైకా 50 మి.మీ. లెన్సుల అసలు ఫోకల్ లెంగ్తు (ఆ 50 మి.మీ. అని పిలిచే కొలతే) 51.6 మి.మీ. ప్రమాణంగా ఉంటుంది. లెన్సుమీద అనంతం గుర్తు పక్కన సన్నగా '16' అని చెక్కి ఉంటే దాని అర్థం అదే. బాడీలోని రోలర్ కూడా ఆ లెక్కనే నమ్ముతుంది. కాంటాక్స్ వంశానికి ప్రమాణం 52.4 మి.మీ. జూపిటర్ ఆ వంశంలోది. తేడా 0.8 మిల్లీమీటరే కదా, ఏం పోయిందని అనిపిస్తుంది.

మీటరు దూరానికి ఫోకస్ చేయాలంటే 51.6 లెన్సు అనంతం నుంచి 2.98 మి.మీ. ముందుకు రావాలి. 52.4 లెన్సు 3.08 మి.మీ. రావాలి. రోలర్ 2.98 దగ్గరే 'కుదిరింది' అని చెప్పేస్తుంది. లెన్సు ఇంకా పదో వంతు మిల్లీమీటరు రావాల్సి ఉండగానే మనం ఆగిపోతాం. ఆ పదో వంతు బయట మూడు సెంటీమీటర్లు అవుతుంది. ఎఫ్ 1.5 దగ్గర ఫిల్ముమీద మనకు ఉన్న వెసులుబాటు అటూఇటూ 0.045 మి.మీ. మాత్రమే. దానికి ఇది రెండింతలు దాటింది. లెన్సులో దోషం లేదు. అది పుట్టింది మరో కొలతకు, అంతే.

దారులు, వాటిలో వదిలేసినవి

బాడీని మళ్లీ పాత మెకానిక్ సర్దుబాటుకే తీసుకెళ్లవచ్చు. అప్పుడు జూపిటర్ అన్ని దూరాల్లో బాగుంటుంది. కానీ ఆయన సమ్మిక్రాన్‌ను వదలనన్నారు. మున్ముందు 90 మి.మీ. కొనే ఆలోచన కూడా ఉంది. ఆ లెన్సు తప్పును ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. అందుకని బాడీని ప్రమాణం మీదే ఉంచాలని నిర్ణయించాను.

జూపిటర్ కామ్‌ను అరగదీసి వాలు ఇవ్వవచ్చు. అన్ని దూరాలకూ పనికొచ్చే మార్గం ఇదే. కానీ ఒకసారి అరిగిన ఇత్తడి తిరిగి రాదు. నా దగ్గర దానికి తగిన లేత్ లేదు. చేతి ఆకురాయితో వందో వంతు మిల్లీమీటరు వాలు తేగలనని చెప్పుకోలేను. వెనక గాజుల గుంపును కొద్దిగా లోపలికి జరిపి ఫోకల్ లెంగ్తునే తగ్గించే పద్ధతి కూడా ఉంది. అది లెన్సు గీసే బొమ్మ తీరునే మార్చగలదు. ఆయన ప్రాణం పెట్టుకున్నది ఆ బొమ్మమీదే. దాన్నీ వదిలేశాను.

మిగిలింది షిమ్. గాజులున్న గొట్టానికీ ఫోకస్ మౌంటుకూ మధ్య ఉండే పలుచని రింగు అది. దాన్ని మందం చేస్తే కామ్ కదలదు, గాజులు మాత్రం ఫిల్ముకు కాస్త దూరం జరుగుతాయి. దగ్గర కుదురుతుంది, దూరం కొంత పోతుంది. ఎప్పుడైనా తీసేస్తే పాత స్థితి తిరిగొస్తుంది.

ముందు 0.05 మి.మీ. వేశాను. తప్పును రెండు చివరలకూ సగం సగం పంచితే న్యాయంగా ఉంటుందనుకున్నాను. అది ఈ కేసులో నా రెండో పొరపాటు. ఒకటిన్నర మీటరు నుంచి మూడు మీటర్ల దాకా చక్కగా వచ్చింది. మీటరు దగ్గర సగం పదును, అనంతం దగ్గర సగం పదును. కళ్లు తప్పు అనలేం, ఒప్పు అనలేం. ఆయన ప్రింటు చూసి ఏమీ అనలేదు. పక్కన పెట్టేశారు.

అప్పుడు ఆయన పాత కాంటాక్టు షీట్లు, అంటే రోలులోని ఫొటోలన్నీ చిన్నగా ఒకే కాగితంమీద వేసినవి, తెమ్మన్నాను. నాలుగు రోళ్లు. చట్రంలో తల పరిమాణాన్ని బట్టి ఎంత దూరం నుంచి తీశారో అంచనా వేశాను. దాదాపు అన్నీ మీటరుకూ ఒకటిన్నర మీటరుకూ మధ్యే. మూడు మీటర్ల ఫొటోలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. దూరపు దృశ్యాలు ఎండలో, ఎఫ్ 5.6 లేదా ఎఫ్ 8 దగ్గర తీసినవి. మనిషి ఎలా పనిచేస్తాడో ఆ షీట్లు చెప్పాయి. కొలత పరికరాలు చెప్పలేదు.

మీటరు దగ్గర లోటు 0.10 మి.మీ. ఒకటిన్నర దగ్గర 0.06. రెండు దగ్గర 0.045. అందుకని 0.08 ఎంచుకున్నాను. మీటరు దగ్గర 0.02 తక్కువ, ఒకటిన్నర దగ్గర 0.02 ఎక్కువ, రెండు మీటర్ల దగ్గర కూడా వెసులుబాటులోనే ఉంటుంది. అనంతం దగ్గర ఎఫ్ 1.5లో ఒక వెలుగు చుక్క ఫిల్ముమీద 0.053 మి.మీ. మేరకు పాకుతుంది, మనం ఒప్పుకునేది 0.03. కానీ ఎఫ్ 2.8కి మూస్తే అది 0.029కి దిగుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. సోనార్ తరహా లెన్సులో అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) మూసేకొద్దీ ఫోకస్ వెనక్కి జరుగుతుంది. మామూలుగా అది చిరాకు. ఇక్కడ షిమ్ వల్ల దూరపు ఫోకస్ ముందుకు పడింది కనుక, ఆ వెనకడుగు సరిగ్గా మనకు కావాల్సిన వైపే వెళుతుంది.

ఆ రింగు

0.08 రేకు దుకాణంలో దొరకలేదు. కూల్‌డ్రింక్ డబ్బా గోడను మైక్రోమీటరుతో కొలిస్తే రంగుతో కలిపి 0.10 వచ్చింది. దాన్నుంచి రింగు కత్తిరించాను. నా బల్లమీద చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలక ఒకటి ఉంది, నల్లటి రాతిలో బంగారు రవ్వలు మెరిసేది. గ్రానైటు పాలిష్ అయినంత మాత్రాన సమతలం అయిపోదు. ఉక్కు అంచు ఆనించి, వెనకనుంచి దీపం పెట్టి, వెలుగు జారని చోటు వెతికి పెన్సిలుతో గీసుకున్నాను. ఆ చోట తడి ఎమరీ కాగితం పరిచి, రింగును వేలి కొనలతో అదిమి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దాను. ఇరవై తిప్పులకోసారి కడిగి, నాలుగు చోట్ల కొలిచాను. రంగు పోయి తెల్లటి లోహం బయటపడ్డాక మందం తగ్గడం బాగా నెమ్మదించింది. నాలుగు చోట్లా 0.08 వచ్చేసరికి సాయంత్రమైంది.

రింగు వేసి గొట్టం బిగిస్తే అది ముందుకన్నా కాస్త ముందే ఆగుతుంది. అందువల్ల అపర్చర్ గుర్తు పక్కకు జరిగింది. అపర్చర్ రింగు చిన్న స్క్రూలు వదులు చేసి దాన్నీ సరిచేశాను. హెలికాయిడ్‌లో, అంటే ఫోకస్ తిప్పినప్పుడు లెన్సును ముందుకూ వెనక్కూ నడిపే మరలో, పాత గ్రీజు గట్టిపడి, దగ్గరనుంచి వచ్చినప్పుడు ఒకచోట, దూరంనుంచి వచ్చినప్పుడు మరోచోట ఆగుతోంది. అరపెట్టె తేడా. కడిగి కొత్త గ్రీజు వేశాక ఆ తేడా పోయింది.

రాత్రి డాబామీద పెన్నా వంతెన వైపు దీపాలు చూశాను. ఎఫ్ 1.5లో ప్రతి దీపం చుట్టూ పలుచని వెలుగు వలయం. ఎఫ్ 2.8లో చుక్కలయ్యాయి. మీటరు దగ్గర పదిసార్లు ఫోకస్ చేస్తే పదిసార్లూ పదును ఐదో పెట్టెను దాటలేదు. గరుకుటద్దాన్ని పూర్తిగా నమ్మను, ఫిల్ము కెమెరాలో అద్దంలా చదునుగా కూర్చోదు. అందుకని ఒక రోలు ఖర్చుపెట్టి అవే దూరాలు ఫిల్ముమీద మళ్లీ చూశాకే ఇచ్చాను.

ఇప్పుడు ఎలా చేస్తున్నాను

ఇప్పుడు రేంజ్‌ఫైండర్ వస్తే, స్క్రూడ్రైవరు పట్టకముందే కాగితంమీద నాలుగు గళ్లు గీస్తాను. ఆయన బాడీ, నా బాడీ, రెండు లెన్సులు. నాలుగూ నిండేదాకా ఏదీ తిప్పను. బాగుందని చెప్పిన లెన్సును ముందు పరీక్షిస్తాను. స్క్రూ గాడిలో మెరిసే గీత కనిపిస్తే ఎవరు, ఎప్పుడు, దేనికోసం తిప్పారో అడిగి రాసుకుంటాను. కాంటాక్టు షీట్లు ఉంటే వాటినీ తెమ్మంటాను.

ఆయన జూపిటర్ మూత లోపల ఒక చీటీ అంటించాను: "మీటరు నుంచి రెండు మీటర్లు: ఏ అపర్చర్ అయినా. అంతకు మించి: ఎఫ్ 2.8 లేదా ఇంకా మూసి. బాడీ ప్రామాణికం, కదపవద్దు." దాని కింద పాత షిమ్ మందం, కొత్తదాని మందం, తేదీ రాశాను. అదే చీటీ కింద చిన్న కాగితం పొట్లంలో 0.05 రింగు కూడా ఉంది. రేపు ఇంకో ఊళ్లో ఇంకెవరైనా ఈ లెన్సు విప్పితే, ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు తెలుస్తుంది.